ఏడు నీడలు

ఆ రోజు పోయినవాటిని వరసగా రాస్తే ఇలా వస్తుంది. పెళ్లికొడుకు తలపాగా ఒకటి. నీళ్లలో ముంచి గుర్రం తల మీద వేశాం, మళ్లీ కట్టుకోవడానికి పనికిరాలేదు. నీళ్ల ప్యాకెట్లు రెండు బస్తాలు, దాదాపు నూట అరవై. ముహూర్తంలో పద్నాలుగు నిమిషాలు. ఒక కంప్యూటర్ కోర్సు ఫ్లెక్సీ, పదడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు. నా చొక్కా జేబులోని గ్రాఫు కాగితం. ఒక గుర్రం చెమట.

చివరిది చూసి ఇదేం లెక్క అనుకోవచ్చు. గుర్రం మనలాగే ఒళ్లంతా చెమట పట్టి చల్లబడుతుంది. ఎండదెబ్బ గట్టిగా తగిలితే కొన్నింటికి ఆ తర్వాత చెమట పట్టదు. చెమట పట్టని గుర్రం ఎండలో నడవలేదు. ఎండలో నడవలేని గుర్రాన్ని ఎండాకాలపు పెళ్లిళ్లకు తేలేం. కాబట్టి ఆ రోజు ఒక మనిషి బతుకుదెరువు కూడా పోయింది. దాన్ని విడిగా రాయలేదు. చెమటలో కలిసే ఉంది.

పోయిన వారం పంజాగుట్టలో బస్సు కోసం నిలబడి ఉంటే, పాత రోజుల్లో మా ఊరేగింపులకు డ్రమ్ము వాయించినతను కనిపించాడు. జుట్టంతా తెల్లబడింది. నన్ను ముందు అతనే గుర్తుపట్టాడు.

"లెక్కల సార్ గదా? మల్ల కనవడనే లేదు. గుర్రాల ముసలాయన పోయిండు, ఎరుకేనా?"

"ఎప్పుడు?"

"రెండు నెల్లాయె. పొద్దుగాల చాయ్ తాగిండు, పన్నడు, అంతే. మస్తు సుకంగ పోయిండు తీయ్."

"గుర్రం?"

"అది ఆయన కంటె ముందుగాలనె పోయింది. మూడేండ్లాయె."

బస్సు వచ్చింది. అతను ఎక్కాడు. నేను ఎక్కలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆయనకు నచ్చేది కాదు. గుర్రం పేరు అడిగినా చెప్పేవాడు కాదు. దాన్ని "బిడ్డా" అనేవాడు, మా అందరికీ అది "తెల్ల గుర్రం". ఆయన మాకు "గుర్రాలాయన". నేను మొహం మీద "పెద్దన్నా" అనేవాణ్ని. ఆయన నన్ను "లెక్కల సారూ" అనేవాడు, అందులో మర్యాద సగం, వెక్కిరింత సగం.

అప్పట్లో అమీర్‌పేట సందులో రెండు బల్లల ఆఫీసు నాది. పెళ్లి ఊరేగింపులకు బ్యాండు, గుర్రం, గొడుగులు, లైట్లు కుదిర్చేవాళ్లం. నేను తెనాలి వైపు నుంచి మైత్రీవనంలో కంప్యూటర్ కోర్సు చదవడానికి వచ్చాను. కోర్సు సగంలో ఆగింది, లెక్కలు మాత్రం ఆగలేదు. ఎవరూ నేర్పకుండానే దేన్నైనా కొలవడం అలవాటైంది. మెట్లు, అడుగులు, నిమిషాలు. ఈ పనికి అది బాగా పనికొచ్చింది. విడిది నుంచి కల్యాణ మండపానికి ఊరేగింపు ఎన్ని నిమిషాల్లో చేరుతుందో చెప్పగలిగేవాణ్ని. చుట్టాలు ఎన్ని పాటలకు ఆగి డాన్సు చేస్తారో కూడా అందులో కలిపేవాణ్ని. అంతకుముందు మా వైపు పెళ్లికొడుకులు కారులో దిగేవాళ్లు. సాఫ్ట్‌వేర్ జీతాలు వచ్చాక ప్రతి పెళ్లికొడుకూ గుర్రం ఎక్కాల్సిందే. సెలవులు దొరికేది ఎండాకాలంలో కాబట్టి పెళ్లిళ్లూ ఎండాకాలంలోనే.

ఆయన షెడ్డు సనత్‌నగర్‌లో, ఒక మూతబడిన కార్ఖానా గోడ వెనక. అక్కడ ఇంకో గుర్రం కూడా ఉండేది, పెళ్లిళ్లకు మాత్రం అందరూ తెల్లదాన్నే అడిగేవాళ్లు. రేకుల కప్పు మీద వరిగడ్డి పరిచి, దాన్ని రోజుకు మూడుసార్లు తడిపేవాడు. పొద్దున ఏడు లోపలే గుర్రాన్ని నడిపించుకుంటూ అమీర్‌పేట చేరేవాడు. తారు వేడెక్కక ముందే రావాలని.

తారు సంగతి ఆయన అరికాలికి తెలుసు. ఊరేగింపు మొదలయ్యే ముందు చెప్పులు విప్పి రోడ్డు మీద నిలబడేవాడు. నేను గడియారం చూసేవాణ్ని. ముప్పై అంకెలు లెక్కపెట్టే వరకు కాలు ఎత్తకపోతే గుర్రం కదిలేది. ముందే ఎత్తితే కదిలేది కాదు. ఒకసారి పెళ్లికొడుకు బాబాయి, "ఏంటండీ, గుర్రానికి నాడాలున్నాయిగా, మీ కాలెందుకు?" అన్నాడు. ఆయన తాపీగా, "నాడా ఇనుమే గద సారూ. పెనం సుత ఇనుమే," అన్నాడు.

ఆయన పుట్టింది మగ్గాల ఇంట్లో. ఎప్పుడో ఒక్కసారే చెప్పాడు, అదీ బట్ట గురించి మాట్లాడుతూ. గుర్రం తలకు కట్టే బట్ట కొనడానికి నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. దుకాణదారు మెరిసే బట్టలన్నీ పరిస్తే, ఒక్కోదాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి పక్కన పెట్టాడు. చివరికి మూల నుంచి ముతక నేత గుడ్డ ఒకటి లాగాడు. "గిది నీళ్లు పట్టుకుంటది. గవి నీళ్లను చూసి ఉరుకుతయి," అన్నాడు. ఆ గుడ్డ తడిపి గుర్రం చెవుల మధ్య నుంచి మెడ దాకా వేసి, పైన జరీ తొడుగు కప్పేవాడు. ఫోటోల్లో జరీ కనిపించేది. ముక్కు మీది గులాబీ రంగు చర్మానికి తడి మట్టి పూసేవాడు. ఫోటోలో బాగుండదని ఎవరైనా తుడవబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు.

మెడ మీద చర్మాన్ని చిటికెడు పట్టి లాగి వదలడం, అది ఎంతసేపట్లో సర్దుకుంటుందో చూడటం. పెదవి ఎత్తి చిగురు మీద బొటనవేలు నొక్కి, తెల్లబడిన చోట మళ్లీ ఎరుపు రావడం చూడటం. డొక్క మీద అరచెయ్యి ఉంచి కళ్లు మూసుకోవడం. ఇవన్నీ ప్రతి పాటకూ చేసేవాడు. దూరం నుంచి చూసినవాళ్లు మంత్రం వేస్తున్నాడనుకునేవాళ్లు.

గుర్రం మీది మనిషిని కూడా అంతే జాగ్రత్తగా చూసేవాడు. మాలో చాలా ఇళ్లలో తాళి కట్టే దాకా పెళ్లికొడుకు ఉపవాసం. పొద్దున్నుంచి ఏమీ తినడు, కొందరు నీళ్లు కూడా ముట్టరు. దాని మీద బరువు షేర్వాణీ, మెడ దాకా గుండీలు, బిగించిన తలపాగా. గుర్రాలాయన మొదటి పని చెంబుడు ఉప్పు మజ్జిగ పట్టుకుని తల్లి దగ్గరికి వెళ్లడం.

"అమ్మా, మజ్జిగతోని ఉపాసం చెడది. మీ పంతులుగారిని అడుగుండ్రి."

"మా ఇంట్లో అలవాటు లేదండీ."

"గుర్రం మీదికెల్లి పడుడు సుత మీ ఇంట్ల అలవాటు లేదు గదమ్మా."

తాగించేవారు. ఆ తర్వాత మెడ దగ్గర రెండు గుండీలు ఆయనే విప్పేవాడు, దండ కింద కనపడకుండా.

ఇక ఎక్కాల సంగతి. పెళ్లికొడుక్కి ఎండ తలకెక్కుతోందా లేదా తెలుసుకోవడానికి మొదట్లో ఊరి పేరు, అమ్మ పేరు అడిగేవాడు. అవి నిద్రలో కూడా చెప్పేస్తారని నేనన్నాను. అప్పటి నుంచి ఎక్కాలు పట్టుకున్నాడు. కళ్లెం పట్టి నడుస్తూ పైకి చూసి, "అల్లుడూ, ఏడు తొమ్మిదులెంత?" అనేవాడు. ఆ ఒక్కటే అడిగేవాడు, ఎందుకంటే జవాబు ఆ ఒక్కదానికే ఆయనకు తెలుసు. నేనే నేర్పాను. ఒక సాఫ్ట్‌వేర్ పెళ్లికొడుకు నవ్వి, "కాలిక్యులేటర్ ఇవ్వు అంకుల్," అన్నాడు. "నీకు గంత జీతమిచ్చేది దేనికి మరి?" అన్నాడు ఈయన. జవాబు తప్పు వచ్చినా, ఆలస్యంగా వచ్చినా ఊరేగింపు అక్కడే ఆగాలి. రెండేళ్లలో మూడుసార్లు ఆపాడు. మూడుసార్లూ ఆయనే కరెక్టు.

ఆయనకు ఒక కట్టుబాటు ఉండేది. ఎండాకాలంలో పదకొండు దాటాక గుర్రం రోడ్డెక్కదు, సాయంత్రం అయిదు దాకా అంతే. మధ్యాహ్నం ముహూర్తాల బేరాలన్నీ దానివల్ల మాకు పోయేవి. దాన్ని మార్చింది నేను.

ఫిబ్రవరిలో అమీర్‌పేట విడిది నుంచి పంజాగుట్ట మండపం దాకా ఆ దారంతా నడిచాను. నా నడకలో పంతొమ్మిది వందల నలభై అడుగులు. దారిలో గుర్రం, మనుషులు కలిసి నిలబడగలిగే నీడలు ఏడు దొరికాయి. రెండు చెట్లు, నాలుగు పెద్ద భవనాలు, ఒక హోర్డింగు. మూడు ఉదయాలు వెళ్లి ఏ నీడ ఏ గంటకు ఎటు జరుగుతుందో గ్రాఫు కాగితం మీద గుర్తుపెట్టాను. ఎండలో నడిచిన నిమిషాల్లో సగం నీడలో నిలబెట్టాలన్నది ఆయన లెక్కే. దాన్ని అందులో ఇమిడ్చాను. కాగితం తీసుకెళ్లి షెడ్డులో ఆయన ముందు పరిచాను. ఆయనకు చదువు రాదు. చుక్కల్ని వేలితో తాకుతూ ఒకటి, రెండు అని ఏడు దాకా వెళ్లాడు. మళ్లీ మొదటికి వచ్చి ఇంకోసారి లెక్కపెట్టాడు.

"ఏడు," అన్నాడు.

"ఏడు," అన్నాను.

"నడుస్తది," అన్నాడు.

నా లెక్క అంతకుముందు ఎప్పుడూ తప్పలేదు. అందుకే ఒప్పుకున్నాడు.

మే నెల రెండో వారం. ముహూర్తం పన్నెండు ముప్పై ఎనిమిదికి. పది యాభైకి బయలుదేరి పదకొండు యాభైకి చేరాలన్నది నా లెక్క. ఆయన రూలు యాభై నిమిషాలు దాటుతుంది, అంతే. కానీ వీడియో వాళ్లు పెళ్లికొడుకును మెట్ల మీద నుంచి నాలుగుసార్లు దించారు. మేనమామ కారు బేగంపేట దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. ఆయన రానిదే కదలరు. విడిది గేటు దగ్గర టైము పదకొండున్నర అయింది.

గుర్రాలాయన చెప్పులు విప్పి రోడ్డు మీద నిలబడ్డాడు. నేను లెక్క మొదలుపెట్టాను. పదకొండు దగ్గర కాలు ఎత్తాడు.

"సారూ, ఇయ్యాల కారు పెట్టుమను."

నేను కాగితం తీశాను. చెట్ల దగ్గర ఎక్కువసేపు ఆపుదామని, మిగతా అయిదు నీడలూ దగ్గర దగ్గరగానే ఉన్నాయని చెప్పాను. ఆయన కాగితం చూడలేదు, నా మొహం చూశాడు. తర్వాత గుర్రం మెడ మీద బట్టను ఇంకోసారి తడిపాడు.

"కాయిదంల ఉంటె ఉన్నట్టె," అని కళ్లెం అందుకున్నాడు.

మొదటి చెట్టు బాగానే జరిగింది. రెండో చెట్టు ఏడు వందల ఎనభయ్యో అడుగు దగ్గర. అక్కడ ఏడు నిమిషాలు ఆపాం. గుర్రం ఒళ్లంతా చెమటతో మెరుస్తోంది. అది మంచి గుర్తు. ఆయన దానికి బకెట్టులో ఉప్పు, బెల్లం కలిపిన నీళ్లు పెట్టాడు. పెళ్లికొడుకును అడిగాడు, "ఏడు తొమ్మిదులు?" "అరవై మూడు అంకుల్." పదకొండు యాభై రెండుకు చెట్టు కింద నుంచి బయటికి వచ్చాం.

మూడో నీడ వెయ్యి పదో అడుగు దగ్గర, ఆరంతస్తుల భవనం. ఫిబ్రవరిలో దాని నీడ ఫుట్‌పాత్ దాటి రోడ్డు మీదికి పద్దెనిమిది అడుగులు పడేది. అక్కడికి వచ్చాం. బ్యాండు ఆగింది.

"నీడేది?" అన్నాడు ఆయన.

గోడ మొదట్లో జానెడు వెడల్పు నల్లటి చార ఉంది. అంతే. ఒక కుక్క దానిలో పడుకోవడానికి ప్రయత్నిస్తోంది, వీపు సగం ఎండలోనే ఉంది. నేను ముందుకు పరుగెత్తి హోర్డింగు దాకా చూశాను. దాని నీడ దాని కిందే పడింది, గుంజల మధ్య, తాడు మందంలో. దాని అవతలి భవనాలూ అంతే. నా కాళ్ల దగ్గర చూసుకుంటే నాకు కూడా నీడ లేదు.

నీడ ఏ పక్కకు జరుగుతుందో లెక్క వేశాను. ఎంత కురచ అవుతుందో వెయ్యలేదు. మన ఊళ్లో మే నెల ఆ రోజుల్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడని, నిలువుగా ఉన్న దేనికీ నీడ పడదని నేను తర్వాత పుస్తకం చూసి తెలుసుకున్నాను. ఆయన పుస్తకం లేకుండానే, ఎందుకో చెప్పలేకుండానే, పదకొండు తర్వాత వద్దన్నాడు.

తిరిగి వచ్చి చెప్పాను. "లేవు పెద్దన్నా."

"ఎన్ని లేవు?"

"ఒక్కటీ లేదు."

ఆయన తల ఊపి గుర్రాన్ని వెనక్కి తిప్పబోయాడు. రెండో చెట్టు రెండు వందల ముప్పై అడుగుల వెనకే ఉంది. పెళ్లికొడుకు మేనమామ కళ్లెం మీద చెయ్యి వేశాడు. గుంటూరు వైపు పెద్దమనిషి, కోపిష్టి కాదు, భయస్తుడు.

"ఏంటయ్యా ఇది? పెళ్లికొడుకును వెనక్కి నడిపిస్తావా? ఎక్కడైనా ఉందా?"

"నీడ లేదు సారూ. చెట్టు కిందికి పోదాం. పది నిమిషాలు."

"వెనక్కి తిప్పకూడదయ్యా. మండపం గడపలో హారతి ఇచ్చేదాకా కాలు కింద పెట్టకూడదు. కావాలంటే మెల్లగా నడిపించు."

"మెల్లగ కాదు, జల్ది నడవాలె. లేకుంటె ఆగాలె."

ఇద్దరూ నా వైపు చూశారు. ముందుకు తొమ్మిది వందల ముప్పై అడుగులు. ఆగకుండా నడిస్తే పన్నెండు నిమిషాలు. అక్కడ పోర్టికో ఉంది. వెనక్కి తిప్పితే పీటల మీది తంతు ముగిసేసరికి ముహూర్తం దాటుతుంది, ఈ పెద్దమనిషి చుట్టాల్లో మాకు ఇంకో బేరం రాదు. ఇవన్నీ ఒక్క క్షణంలో లెక్కేశాను.

"పన్నెండు నిమిషాలు. వెళ్లిపోవచ్చు," అన్నాను.

"నువ్వు చెప్తున్నవా సారూ?"

"నేనే చెప్తున్నా."

ఆయన తన తలకు కట్టుకున్న తుండుగుడ్డ విప్పి, సీసాలో మిగిలిన నీళ్లన్నీ దాని మీద పోసి, గుర్రం మెడ మీద వేశాడు. బట్టతలతో ఎండలోకి నడిచాడు.

ఊరేగింపు పరుగెత్తదు. నాకు తెలిసిన విషయమే, ఆ క్షణంలో లెక్కలోంచి జారిపోయింది. డ్రమ్ములు ముందున్నాయి, వాటి ముందు చుట్టాలు, చుట్టాల ముందు ఆడపిల్లలు. నేను ముందుకు వెళ్లి కదలండి కదలండి అని అరుస్తుంటే వాళ్లు నన్ను కూడా డాన్సులోకి లాగారు. ఒక పాటకు నాలుగు నిమిషాలు, ఇంకో పాటకు ఆరు. ఎండలో డాన్సు చేసేవాళ్లు తప్పుకుని వెళ్లి కూల్‌డ్రింక్ తాగి వస్తున్నారు. గుర్రం తప్పుకోలేదు. పెళ్లికొడుకూ అంతే.

పన్నెండు ఇరవై అయిదుకు వెనక్కి వచ్చాను. ఇంకా మూడు వందల అడుగులు ఉన్నాయి. గుర్రాలాయన నడుస్తూనే మెడ మీద బట్ట కింద చెయ్యి పెట్టి ఉన్నాడు. ఆ చెయ్యి తీసి నాకు చూపించాడు. పొడిగా ఉంది.

"చెమట ఆగింది," అన్నాడు.

గుర్రం ముక్కుపుటాలు గిన్నెల్లా తెరుచుకున్నాయి. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. లెక్కపెట్టబోయాను, అందలేదు. అంత వేగంగా ఉంది ఊపిరి.

ఆయన తల ఎత్తి పైకి చూశాడు. "అల్లుడూ. ఏడు తొమ్మిదులెంత?"

పెళ్లికొడుకు చిరునవ్వుతో ఎదురుగా చూస్తున్నాడు. మొహం ఎర్రగా, పొడిగా ఉంది. కాసేపటికి అన్నాడు, "నాన్నగారు వచ్చారా?"

తండ్రి పోయి అయిదేళ్లని నాకు పొద్దునే చెప్పారు.

ఆయన గుర్రాన్ని ఆపేశాడు. మేనమామ పరుగున వచ్చాడు. "కాలు కింద పెట్టకూడదయ్యా," అంటున్నాడు.

"కింద పెట్టడు. నా మీద పెడ్తడు," అన్నాడు ఆయన. గుర్రం పక్కన వంగి భుజం ఇచ్చాడు. అరవై ఏళ్ల మనిషి. డెబ్బై కిలోల పెళ్లికొడుకును, దండలతో, కత్తితో సహా వీపు మీదికి దించుకుని, పక్కనే ఉన్న జిరాక్సు షాపు లోపలికి మోసుకెళ్లాడు. పదహారు అడుగులు. గుండీలన్నీ తెంపి, తలపాగా తీసి, ఫ్యాను కింద కూర్చోబెట్టి, "నీళ్లు మెడ మీద, సంకల కింద పొయ్యుండ్రి. మెల్లగ తాగిపియ్యుండ్రి," అని మేనమామకు చెప్పి బయటికి పరుగెత్తాడు. అప్పటికే గుర్రం ముందు మోకాళ్లు వంగుతున్నాయి. పన్నెండు ముప్పై.

అది కూలిన చప్పుడు నాకు ఇంకా గుర్తు. పెద్ద చప్పుడు కాదు. బియ్యం బస్తాను జాగ్రత్తగా దించినట్టు.

బ్యాండు ఆగిపోయింది. ఆయన ఒక్కసారి కూడా అరవలేదు. "నీళ్లు" అన్నాడు. నేను పాన్‌షాపులో ఉన్న నీళ్ల ప్యాకెట్ల బస్తాలు రెండూ లాక్కొచ్చాను. కోర్సులు నేర్చుకునేవాళ్లు భోజనానికి బయటికి వస్తున్న వేళ అది. చేతిలో నోట్సులతో గుమిగూడారు. అందరం పళ్లతో ప్యాకెట్లు చింపి పోయడం మొదలుపెట్టాం.

"అట్ల కాదు. కాళ్ల కెల్లి, మెడ కెల్లి. పొయ్యి. చెయ్యితోని తుడువు. మల్ల పొయ్యి. తుడవకుంటె నీళ్లు ఒంటి మీదనే కాగుతయి."

పోశాం. తుడిచాం. మళ్లీ పోశాం. నా జేబులోని గ్రాఫు కాగితం తడిసి ముద్దయింది. పెళ్లికొడుకు తలపాగాను తడిపి గుర్రం చెవుల మీద పరిచాడు ఆయన. కానీ ఎండ తిన్నగా దాని మీదే పడుతోంది. నీడ కావాలి. ఎవరో ఒక అమ్మాయి పైకి చూసి, "ఆ ఫ్లెక్సీ విప్పండ్రా," అంది. ఒక కోచింగ్ సెంటర్ గోడ మీది ఫ్లెక్సీని నలుగురు తాళ్లు కోసి దించారు. పన్నెండు మంది అంచులు పట్టుకుని నెత్తి మీదికి ఎత్తి నిలబడ్డారు. దాని కింద కొత్త నీడ పడింది, పదడుగులకు ఇరవై అడుగులు. ఆ నీడలో గుర్రం తల ఒళ్లో పెట్టుకుని ఆయన కూర్చున్నాడు. చిగురు మీద బొటనవేలు నొక్కుతూ, చూస్తూ, నొక్కుతూ.

జిరాక్సు షాపు లోంచి మేనమామ తల బయటపెట్టాడు. ఏడుస్తున్నాడు. "అరవై మూడు అంటున్నాడండీ. తనంతట తనే అంటున్నాడు."

"ఆటోల తీస్కపోండ్రి. లగ్గం చేస్కోండ్రి," అన్నాడు ఆయన, తల ఎత్తకుండా.

పన్నెండు యాభై రెండుకు తాళి కట్టాడని తర్వాత విన్నాను. గుర్రం లేచింది ఒంటి గంట పదకొండుకు. కూలిన నలభై ఒక్క నిమిషాలకు. అప్పటిదాకా ఫ్లెక్సీ కిందికి దిగలేదు. ఒకరు వెళ్తే ఇంకొకరు పట్టుకున్నారు. ఒంటి గంట క్లాసు ఎవరూ వినలేదు.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే నెలరోజులు సనత్‌నగర్ వైపు వెళ్లలేకపోయాను.

వెళ్లినప్పుడు షెడ్డు చుట్టూ తడి గోనెపట్టాలు వేలాడుతున్నాయి. తెల్ల గుర్రం లోపల నిలబడి ఉంది. బయట ఎండ ఇంకా తగ్గలేదు, వానలు ఆలస్యం. దాని ఒంటి మీద చెయ్యి వేశాను. పొడిగా, వేడిగా ఉంది.

"ఇగ చెమట పట్టది," అన్నాడు ఆయన. "డాక్టరు సార్ వచ్చి చూసిండు. గట్లనే ఉంటదట."

నేను కవరు తీశాను. ఆయన దాని వైపు చూడలేదు.

"పైసలు నాకు బాకీ లేవు సారూ. నువ్వు బాకీ దానికి. ఎంతసేపు నడిచింది ఎండల, చెట్టు ఇడిచినంక?"

"ముప్పై ఎనిమిది నిమిషాలు." లెక్క నా దగ్గర ఉంది. పదకొండు యాభై రెండు నుంచి పన్నెండు ముప్పై.

"అండ్ల సగం?"

"పంతొమ్మిది," అన్నాను. దానికి ఇవ్వాల్సిన నీడ అంత.

"ఫ్లెక్సీ కింద..." అని నేను మొదలుపెట్టబోయాను.

"గది దవాఖాన. గది నీడ కాదు."

షెడ్డుకూ నీళ్ల కుళాయికీ మధ్య పైన ఏమీ లేని జాగా ఉంది. మధ్యాహ్నం ఒకసారి గుర్రాన్ని అటు తీసుకెళ్లి కడగాలి. పోను ఒక నిమిషం, రాను ఒక నిమిషం. ఆయన మూల నుంచి ఒక పెద్ద గొడుగు తీసి నా చేతికిచ్చాడు, మేము ఊరేగింపుల్లో పట్టే జరీ గొడుగు. నేను గుర్రం తల మీద గొడుగు పట్టుకుని నడిచాను. నా నెత్తి ఎండలోనే ఉంది. ఆయన గుమ్మంలో నిలబడి చూశాడు. తిరిగి వచ్చాక, "రెండు," అన్నాడు.

ఆ ఎండాకాలంలో నాలుగు ఆదివారాలు వెళ్లాను. తర్వాత వానలు వచ్చాయి. మబ్బు పట్టిన రోజున గొడుగు పడితే లెక్కలోకి రాదన్నాడు ఆయన, నవ్వకుండా. రాబోయే ఎండాకాలం చూద్దామన్నాడు. ఆయన రెండో గుర్రాన్ని అమ్మి దీన్ని ఉంచుకున్నాడు. పని చెయ్యని గుర్రాన్ని ఎవరు ఉంచుకుంటారని డ్రమ్ము వాయించేవాళ్లు నవ్వుకునేవాళ్లు.

మరుసటి ఎండాకాలానికల్లా కార్ఖానా గోడ పడగొట్టి అపార్టుమెంట్లు మొదలుపెట్టారు. ఆయన పటాన్‌చెరు అవతలికి మారాడని తెలిసింది. బస్సు రెండు మారాలి, గంటన్నర దారి. ఆ ఏడాది వెళ్లలేదు. నేను ఆ ఆఫీసు మూసేసి ఒక ఆడిటర్ దగ్గర చేరాను. ప్రతి మే నెలలో వెళ్లాలనుకున్నాను. ఆదివారాల్లో ఏదో ఒకటి ఉండేది. అది చిన్న లెక్క కదా, ఆరు ఆదివారాల్లో తీరిపోతుంది కదా అని కూడా అనుకునేవాణ్ని.

డ్రమ్ము వాయించినతన్ని ఆ రోజు ఇంకొక్క మాట అడగాల్సింది. చివరి ఎండాకాలాల్లో కుళాయి దాకా గొడుగు ఎవరు పట్టారని. అడిగేలోపే బస్సు కదిలింది.

పంతొమ్మిదిలో ఎనిమిది కట్టాను. పదకొండు నిమిషాలు ఇంకా అలాగే ఉన్నాయి.